కర్నూలు సి క్యాంపు: రాజధాని వెళ్లిపోయాక మిగిలిన పేరు

శనివారం

కర్నూలులో మూడు పేటలను అక్షరాలతో పిలుస్తారు. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. ఆటోవాళ్లు కేకేసేది ఆ పేర్లతోనే, పెళ్లిపత్రికల మీద అచ్చయ్యేదీ ఆ పేర్లే. ఊరు పెరిగేకొద్దీ చుట్టూ ఎన్నో కాలనీలు వచ్చాయి. వాటికి దేవుళ్ల పేర్లు, నాయకుల పేర్లు పెట్టారు. ఈ మూడింటి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఆ అక్షరాల వెనక ఒక రాజధాని ఉంది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు. మద్రాసు నుంచి తరలి వచ్చిన ఉద్యోగులు ఉండడానికి వేసినవే ఈ క్యాంపులు. ఇంత మాత్రం ఎవరైనా చెప్తారు. ఆ మూడేళ్లు అక్కడ బతికిన మనుషుల సంగతి, వాళ్లు పడిన ఎండ, మోసుకున్న నీళ్లు, కట్టుకున్న మూటల సంగతి చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. అందుకే అక్టోబరు 1 కలిసొచ్చేలా చూసుకుని అనంతపురంలో బస్సెక్కాను.

పామిడి దగ్గర పెన్న, తర్వాత కిటికీలోంచి గుత్తి కోట, ఆ తర్వాత డోన్, వెల్దుర్తి. ఈ దారి మా జిల్లావాళ్లకు కొట్టినపిండి కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. కర్నూలులో దిగి, సి క్యాంపు సెంటరుకు ఆటో మాట్లాడుకున్నాను. మా చిన్నమ్మ, చిన్నాయన ఉండేది ఆ పక్కనే. చిన్నాయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. నేను వచ్చిన పని ఫోన్లోనే చెప్పి ఉంచాను. ఇంట్లో అడుగుపెట్టగానే, "చెప్పులు విడవద్దు నాయనా, చీకటి పడకముందే ఒకసారి చూసొద్దాం పా" అన్నారు. చిన్నమ్మ మాత్రం కాఫీ తాగేదాకా కదలనివ్వలేదు.

నంద్యాల రోడ్డు వైపు పోయే ఈ ప్రాంతమంతా ఇప్పుడు నడి ఊరు. ఆసుపత్రులు, మెడికల్ షాపులు, కోచింగు సెంటర్లు, టిఫిన్ బండ్లు. సెంటరులో నిలబడితే క్యాంపు కనిపించదు. రోడ్డు దిగి లోపలికి నడిస్తే అప్పుడు తేడా తెలుస్తుంది. సందులు తిన్నగా ఉంటాయి. ఒక వరసలో ఇళ్లన్నీ ఒకే కొలత. ముందు చిన్న వరండా, వెనక కొంచెం ఖాళీ స్థలం, అక్కడక్కడ వేపచెట్లు. కొన్ని క్వార్టర్లలో జనం ఉన్నారు, బట్టలు ఆరేసి ఉన్నాయి. కొన్నిటికి తలుపుల్లేవు. కొన్ని చోట్ల ఇల్లే లేదు, పునాది రాళ్ల మధ్య సర్కారు తుమ్మ మొలిచింది.

"కర్నూలు పాతబస్తీలో ఒక్క సందు తిన్నగా ఉండదు. ఇక్కడ ఒక్కటీ వంకర ఉండదు. ఊరు తనంతట తాను పెరిగితే అట్ల, కాగితం మీద గీసి కడితే ఇట్ల" అన్నారు చిన్నాయన. బడిపిల్లలకు చెప్పినట్టే చెప్పారు, చేత్తో గాలిలో గీత గీసి. ఎ, బి, సి అనేవి కూడా ఆ కాగితం మీది గుర్తులే అయి ఉంటాయని నాకు అనిపించింది. ఏ ఊరిపెద్దా, ఏ భక్తుడూ పెట్టే పేర్లు కావవి. ఫైలు రాసేవాళ్లు, ప్లాను గీసేవాళ్లు తమ సౌకర్యం కోసం పెట్టుకునే గుర్తులు. అలాంటి గుర్తు జనం నోట్లో పడి డెబ్బై ఏళ్లు నిలవడం మామూలు విషయం కాదు.

రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర, పప్పుల పొడి. రేపు పొద్దున ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోతానని చిన్నాయన మాటిచ్చారు.

ఆదివారం

అక్టోబరు 1. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజు.

ప్రభుత్వాలు అవతరణ దినంగా ఎక్కువకాలం జరిపింది నవంబరు 1. అది 1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తేదీ. ఇప్పుడు మిగిలిన రాష్ట్రం మళ్లీ ఇంచుమించు 1953 నాటి హద్దుల్లోకే వచ్చింది కాబట్టి అక్టోబరు 1 జరపాలని కొందరు గట్టిగా అంటారు. నాదీ అదే అభిప్రాయం. కనీసం కర్నూలులోనైనా జరగాలి. పొద్దున సెంటరులో, రైతుబజారు ముందు, రోడ్డు పొడవునా చూశాను. ఆ రోజు ఏమిటో గుర్తుచేసే బ్యానరు ఒక్కటి కనిపించలేదు.

రైతుబజారు మాత్రం కళకళలాడుతోంది. 1999లో రాష్ట్రంలో రైతుబజార్లు మొదలైన తర్వాత సి క్యాంపు పేరు ఊరంతటికీ ఇంకా బాగా పరిచయమైంది. ఇవతలి పల్లెల నుంచి తెల్లవారకముందే కూరగాయలు దిగుతాయి. ఉల్లిగడ్డ, టమాటా, గోంగూర, మటిక్కాయలు. ఒకామె దగ్గర చిక్కుడుకాయలు కొంటూ, "అమ్మా, ఈ సి క్యాంపు అనే పేరు ఎట్ల వచ్చింది?" అని అడిగాను. "ఏమో నాయనా, మా అత్త కాలం నుంచీ అదే పేరు. ఆఫీసర్లు ఉండేవాళ్లంట" అంది. ఆమెకు తెలిసింది నిజమే. అత్త చెప్పిన మాట కోడలి దాకా వచ్చింది. ఆమె పక్కన కూర్చుని సెల్‌ఫోన్ చూసుకుంటున్న కూతురి దాకా వస్తుందో లేదో.

బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. కర్నూలులో పొద్దున తినాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం. తర్వాత పెద్దాయన ఇంటికి వెళ్లాం.

ఆయన వయసు ఎనభైకి దగ్గర. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ల నాన్నగారు మద్రాసులో ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. రాష్ట్రం విడిపోగానే ఆంధ్రకు రాసిచ్చిన ఉద్యోగుల్లో ఆయనా ఉన్నారు. అలా 1953లో కర్నూలు చేరారు. అప్పటికి ఈయన రెండో తరగతి పిల్లవాడు. 1956లో తోటివాళ్లు చాలామంది హైదరాబాద్ వెళ్లిపోతే, నాన్నగారు ఇక్కడే జిల్లా ఆఫీసుకు బదిలీ చేయించుకుని ఉండిపోయారట. ఈయన చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ కర్నూలులోనే. మాటలో రెండు ప్రాంతాలూ కలిసిపోయాయి. "కూర్చోండి" అని మొదలుపెట్టి "యాడికి పోతారు, అన్నం తినిపోండి" అని ముగించారు.

మొదట గుర్తున్నదేమిటని అడిగాను.

"గుడారం. గుడారంలో పడుకోవడం. మద్రాసులో మేము అద్దెకున్నది మిద్దె కింద రెండు గదులు. ఇక్కడికొచ్చి చూస్తే గుడ్డ గోడలు. మా అమ్మ ఏడ్చింది. నాకూ చెల్లెలికీ మాత్రం భలే సరదా."

కర్నూలును గుడారాల రాజధాని అనేవాళ్లు. ఊరు చిన్నది. 1951 లెక్కల నాటికి జనాభా లక్ష కూడా లేదు. అలాంటి ఊరి మీద ఒక్కసారిగా సచివాలయం, శాసనసభ, మంత్రులు, శాఖాధిపతుల కార్యాలయాలు, వేలమంది సిబ్బంది వచ్చిపడ్డారు. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ ఆఫీసులకే చాలలేదు. కార్యాలయాలే కొన్ని గుడారాల్లో నడిచాయి. ఇక ఇళ్లు ఎక్కడివి? అద్దె ఇంటి కోసం పాతబస్తీలో తిరిగి తిరిగి, దొరక్క, చివరికి క్యాంపుకే వచ్చేవాళ్లట.

"వేసవి వచ్చేసరికి గుడారంలో మధ్యాహ్నం ఉండలేకపోయేవాళ్లం. మా అమ్మ మమ్మల్ని వేపచెట్టు కింద మంచం వేసి కూర్చోబెట్టేది. రాత్రి పడుకునే ముందు తేళ్లున్నాయేమో అని పక్కబట్టలు దులపడం అలవాటైపోయింది. గాలి లేస్తే గుంజలు ఊగేవి, నాన్న లేచి తాళ్లు బిగించేవాడు. తర్వాత క్వార్టర్లు కట్టారు. మా పేరుతో ఒకటి వచ్చిన రోజు అమ్మ గడపకు పసుపు రాసింది."

ఆయన చెప్పేటప్పుడు ఎక్కడా ఫిర్యాదు లేదు. నేను మాత్రం ఆ తల్లి గురించే ఆలోచించాను. రాజధాని ఎక్కడుండాలనే వాదనలన్నీ మగవాళ్ల ఉపన్యాసాలుగానే నమోదయ్యాయి. గుడారంలో పొయ్యి రాజేసిన ఆడవాళ్ల మాట ఎక్కడా లేదు.

ఆ వాదన గురించి కూడా ఇక్కడ చెప్పాలి. అది తెలియకపోతే ఈ పేటల పుట్టుక అర్థం కాదు. మద్రాసు నుంచి విడిపోతే కోస్తావాళ్ల పెత్తనం కింద ఉండాల్సి వస్తుందేమోనని రాయలసీమకు మొదటి నుంచీ భయం. ఆ భయం తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో రెండు ప్రాంతాల నాయకులు ఒప్పందం రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒక్కచోట ఉండకూడదు, ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమదే అన్నది అందులో ముఖ్యమైన మాట. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15న ప్రాణం వదిలారు. ఆ తర్వాత నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు.

అప్పుడు రాజధాని ప్రశ్న లేచింది. విజయవాడ, గుంటూరు వైపు కమ్యూనిస్టులు గట్టిగా పట్టుబట్టారు. ఇంకా కొన్ని ఊళ్ల పేర్లు వచ్చాయి. చివరికి శ్రీబాగ్ మాట నిలబడింది. సీమ రాజధానిని కోరుకుంది, కర్నూలుకు వచ్చింది. హైకోర్టు 1954 జులైలో గుంటూరులో మొదలైంది. పదకొండు జిల్లాలు, బళ్లారి నుంచి వచ్చిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కలిపి 1953 అక్టోబరు 1న నెహ్రూ ఇక్కడే రాష్ట్రాన్ని ప్రారంభించారు. గవర్నరు సి.ఎం. త్రివేది, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. అప్పటికి ప్రకాశం గారికి ఎనభై ఒక్క ఏళ్లు. ఉపముఖ్యమంత్రి మా అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి.

పెద్దాయన ఇవన్నీ వినే ఉన్నారు కానీ పిల్లవాడిగా ఆయన చూసింది వేరు. "ప్రకాశం పంతులు గారిని ఒకసారి చూశాను, దూరం నుంచి. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. ముసలాయన అని మాత్రం గుర్తుంది." ఆ ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కొన్ని నెలలు రాష్ట్రపతి పాలన నడిచింది. 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. క్యాంపుల్లో ఇళ్ల మాటలు కూడా దానితోపాటే మారుతుండేవట: ఇంకెన్నాళ్లుంటాం, పిల్లల్ని ఇక్కడి బడిలో వేద్దామా వద్దా, గేదెను కొందామా. 1956 వచ్చేసరికి హైదరాబాద్ ఖాయమైంది.

"వెళ్లేటప్పుడు ఎలా ఉండింది?" అని అడిగాను.

"నేను సాయంత్రం ఆడుకునే పిల్లలు అయిదారుమంది. ఒక్కో ఇంటి ముందు లారీ ఆగేది, సామాను ఎక్కించేవాళ్లు. దీపావళి ఎవరింట్లో వాళ్లు చేసుకున్నామో లేదో కూడా గుర్తులేదు. నవంబరులో మా వరసలో నాలుగిళ్లలోనే దీపాలు. మిగతావాటికి తాళాలు. మా అమ్మకు అప్పుడు మళ్లీ ఏడుపొచ్చింది. వచ్చినప్పుడు ఊరు నచ్చక ఏడ్చిన మనిషి, జనం పోయారని ఏడ్చింది."

ఆ తాళాలు ఎన్నాళ్లో ఉండలేదు. జిల్లా ఉద్యోగులు వచ్చారు. రెవెన్యూ, వైద్యశాఖ, ఇంజనీరింగు సిబ్బంది. రాజధాని కోసం కట్టినవి జిల్లా కేంద్రానికి పనికొచ్చాయి. క్యాంపు మనుషులు మారిపోయారు, పిలిచే పేరు మాత్రం అదే ఉండిపోయింది. మధ్యాహ్నం రెండు దాటేదాకా పెద్దాయన చెప్తూనే ఉన్నారు. వాళ్ల కోడలు పెట్టిన అన్నం తినకుండా రానివ్వలేదు.

సోమవారం

గాంధీ జయంతి. ఆఫీసులకు సెలవు కాబట్టి క్యాంపుల్లో తిరగడం రేపటికి వాయిదా వేసి, పాతబస్తీకి బయల్దేరాను. ఒక పేట పేరు ఎలా పుట్టిందో తెలియాలంటే ఆ ఊళ్లో మిగతా పేర్లు ఎలా పుట్టాయో కూడా వినాలి.

కొండారెడ్డి బురుజు దగ్గర మొదలుపెట్టాను. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన భాగం ఇది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని పదిహేడో శతాబ్దంలో ఇక్కడ బంధించారని, ఆయన పేరే బురుజుకు వచ్చిందని చెప్తారు. కట్టించిన రాజు పేరు పోయి, లోపల బందీగా ఉన్న మనిషి పేరు నిలిచింది. నాకు ఇది ఎంతో ఇష్టమైన సంగతి. పేరు పెట్టే హక్కు కట్టినవాళ్ల చేతిలో ఉండదని కర్నూలు ఎప్పుడో చూపించింది.

అసలు ఊరి పేరు కథ కూడా అలాంటిదే. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లవాళ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవాళ్లట. అందుకని కందెనవోలు, అదే జనం నోట్లో నలిగి కందనవోలు, ఆ తర్వాత కర్నూలు. దీన్ని శాసనంలో చూపించగలిగిన చరిత్రగా కాదు, ఊరు తన గురించి తాను చెప్పుకునే కథగా తీసుకుంటాను. ఆ కథలో రాజు లేడు, దేవుడు లేడు, బండి తోలే మనుషులున్నారు. నది దాటే ముందు దిగిన మజిలీ ఉంది. సి క్యాంపు కూడా ప్రయాణంలో ఉన్న మనుషులు దిగిన మజిలీయే కదా అనుకున్నాను.

బురుజు నుంచి లోపలికి నడిస్తే పేర్లు వరసగా ఎదురవుతాయి. పూలబజారు, షరాఫ్ బజారు, మించిన్ బజారు, చిత్తారిగేరి, ఖడక్‌పుర, బండిమెట్ట, జొహరాపురం, సంకల్‌బాగ్. గేరి అనే మాట కన్నడ సీమకు దగ్గరగా ఉన్న మన ఊళ్లలోనే వినిపిస్తుంది. బాగ్, బజారు నవాబుల కాలపు ఉర్దూ వాసన. మెట్ట, పేట తెలుగువి. ఒక్క అరగంట నడకలో విజయనగరం, బిజాపూరు, కర్నూలు నవాబులు, తెల్లదొరలు అందరూ పలకరిస్తారు. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కుంపిణీ పట్టుకుని తిరుచిరాపల్లికి తరలించింది. నవాబుల పాలన పోయింది, బజార్ల పేర్లు ఉన్నాయి.

షరాఫ్ బజారులో ఒక వెండి దుకాణం ముందు నీడకు నిలబడితే, యజమాని కుర్చీ వేయించాడు. నేను క్యాంపుల గురించి అడిగాను. ఆయన తాత చెప్పిన మాట ఒకటి చెప్పాడు. "రాజధాని వచ్చినప్పుడు మా తాత కొట్టు బాగా నడిచిందంట సార్. కోస్తావాళ్లు బంగారం తూకం గట్టిగా చూసేవాళ్లంట, బేరం ఆడేవాళ్లు కాదంట. పోయిన తర్వాత రెండేళ్లు వ్యాపారం లేక ఇబ్బంది పడినారంట." రాజధాని పోవడం అంటే ఉపన్యాసాల్లో వినిపించేది ఒకటి, బజారులో కనిపించేది ఇది. మూడేళ్లలో అద్దెలు పెరిగాయి, హోటళ్లు వచ్చాయి, అప్పు తెచ్చి కొట్లు పెట్టినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత కొనేవాళ్లు ఒక్కసారి వెళ్లిపోయారు. ఆ నష్టానికి ఎవరూ లెక్క కట్టలేదు. రాయలసీమలో ఇప్పటికీ రాజధాని మాట వస్తే గొంతులు ఎందుకు మారతాయో తెలుసుకోవాలంటే ఇలాంటి కొట్ల ముందు కూర్చోవాలి.

మధ్యాహ్నం హంద్రీ ఒడ్డుకు వెళ్లాను. గోల్ గుమ్మజ్ అక్కడుంది. కర్నూలు మీద బిజాపూరు తరఫున పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, 1618 నాటిది. రెండు గుమ్మటాలు, చుట్టూ కమానుల వరండా. లోపల చల్లగా ఉంది. బయట ఉన్న ఒక చాచా, "2009లో ఇదంతా నీళ్లే సాబ్" అన్నారు. ఆ ఏడు ఇదే తేదీన, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పాతబస్తీని ముంచేశాయి. జనం మిద్దెల మీద రాత్రులు గడిపారు. ఆయన చెయ్యెత్తి గోడ మీద నీళ్లు వచ్చిన ఎత్తు చూపించారు. నా తలకు పైన. ఇళ్లలో దాచుకున్న పాత పత్రాలు, ఫొటోలు, దస్తావేజులు ఎన్నో ఆ బురదలో పోయాయి. ఒక ఊరి పేర్ల కథలు రాసుకోవాలంటే ఇవి కూడా అడ్డం వస్తాయి. కాగితం పోయిన చోట ముసలివాళ్ల నోటిమాటే దిక్కు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాసుపత్రి మీదుగా బుధవారపేట దాటాను. వారం పేరుతో పేట ఉందంటే సంతే గుర్తుకొస్తుంది. కె.సి. కాలువ, అంటే కర్నూలు–కడప కాలువ, గట్టు మీద వినాయక నిమజ్జనం ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి, రంగు కాగితాలు, వాడిన పూలదండలు. ఈ కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని కడప దాకా పోతుంది. పొలాలకు నీళ్లతోపాటు పడవలు కూడా నడపాలనే ఆలోచనతో తవ్విన కాలువ, ఇప్పుడు పొలాలకు మాత్రమే నీళ్లిస్తోంది. రాజధాని కోసం వేసిన క్యాంపులో రైతుబజారు నడుస్తోంది. కర్నూలులో ఒక పని కోసం వచ్చినవి ఇంకో పనికి స్థిరపడడం కొత్త కాదు.

మంగళవారం

పొద్దున బి క్యాంపు, తర్వాత ఎ క్యాంపు తిరిగాను. మూడింటి పరిస్థితీ దగ్గరదగ్గరగా ఒకటే కాబట్టి విడివిడిగా వర్ణించను. శిథిలమైన క్వార్టర్లు పడగొట్టి ఆ స్థలాలు వేరే అవసరాలకు వాడాలనే ఆలోచన ప్రభుత్వాల్లో చాలాకాలంగా నడుస్తోంది. పడిపోయేలా ఉన్న ఇళ్లలో మనుషుల్ని ఉంచమని ఎవరూ అనరు. పైకప్పు పెచ్చులు రాలే వరండాలో ఒకావిడ బియ్యం ఏరుకుంటుంటే చూసి నాకే భయమేసింది. "ఇంకో ఇల్లు చూపిస్తే పోతాం సార్, లేకుంటే యాడికి పోవాల?" అని అడిగిందామె. ఆ ప్రశ్నకు ముందు సమాధానం దొరకాలి.

కానీ అన్నీ పడగొట్టేయకుండా, ఒక వరసనైనా, కనీసం రెండు ఇళ్లనైనా బాగుచేసి ఉంచాలి. ఆంధ్ర రాష్ట్రం మొదటి ఉద్యోగులు బతికిన ఇళ్లు ఇవి. వాటి ముందు ఒక బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు: 1953లో మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు మొదట గుడారాల్లో, తర్వాత ఈ ఇళ్లలో ఉన్నారు, అందుకే ఈ పేటను సి క్యాంపు అంటారు అని. పక్క బడిలో చదివే పిల్లలు రోజూ దాటుకుంటూ పోయే దారిలోనే పెట్టాలి. ఒక హైస్కూలు పిల్లవాణ్ణి అడిగితే అమరావతి, హైదరాబాద్ పేర్లు గబగబా చెప్పాడు. వాడు నిలబడి ఉన్న నేల కూడా ఒకప్పుడు రాజధానే అని చెప్తే నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చిన్నాయన వైపు చూశాడు. "నిజమే నాయనా" అని ఆయన అంటే అప్పుడు నమ్మాడు. ఇంకో రెండు ప్రశ్నలు కూడా వేశాడు. అసెంబ్లీ కూడా ఇక్కడే నడిచిందా, మరి ఎందుకు పోయింది అని. చిన్నాయన రోడ్డు పక్కనే నిలబడి పావుగంట పాఠం చెప్పారు. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయిన సంగతి కూడా కలిపి చెప్పారు. ఆ పేరు పిల్లవాడికి తెలుసు.

మూడు రాజధానుల చట్టం వచ్చినప్పుడు కర్నూలుకు న్యాయరాజధాని అన్నారు, 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ రాజకీయంలో ఏ పక్షం వహించడానికీ నేను ఇది రాయడం లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఈ ఊరికి ఇచ్చిన మాటల చరిత్ర 1937 నుంచి ఉంది. ఆ చరిత్రకు నిలబడి ఉన్న సాక్ష్యాల్లో ఈ క్వార్టర్లు ఉన్నాయి. పడగొట్టే ముందు వాటి కొలతలు, ఫొటోలు తీయించడం, ఉన్నవాళ్ల మాటలు రికార్డు చేయించడం జిల్లా యంత్రాంగానికి చేతనైన పనే.

బస్సుకు ముందు ఇంకోసారి పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన రాత్రంతా ఆలోచించి ఒక కాగితం మీద పేర్లు రాసి ఉంచారు. తమ వరసలో ఉన్న కుటుంబాలు, గుర్తున్నంత వరకు. కొన్నిటికి ఇంటిపేరు మాత్రమే, కొన్నిటికి ఊరి పేరు. ఒకచోట "ఏలూరు వాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు, పెద్దమ్మాయి వీణ" అని మాత్రమే ఉంది. వాళ్లంతా 1956లో హైదరాబాద్ వెళ్లారు. ఆ పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఎనభై దగ్గరపడి ఉంటుంది. ఆ పేర్లు వాళ్ల అనుమతి లేకుండా నేను ఇక్కడ రాయను.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా 1953–56 మధ్య కర్నూలులో ఉండి ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఏ క్యాంపు, ఏ వరస, గుడారంలో ఎన్ని నెలలు, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, బడి ఏది, పాలు ఎవరు పోశారు, పక్కింటివాళ్లు ఏ ఊరివాళ్లు, వెళ్లేటప్పుడు ఏమేం వదిలేసి వెళ్లారు. ఫొటో ఉంటే వెనక తేదీ, చోటు రాయించి పెట్టండి. ఫోన్లో రికార్డు చేసినా చాలు, ఒక కాపీ కర్నూలులో ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి. పెద్దాయన చెప్పింది నేను రెండు గంటలు రికార్డు చేసుకున్నాను. వచ్చే నెల మళ్లీ వెళ్లి, ఎ క్యాంపులో ఆయన చెప్పిన ఇంకో ముసలావిడను కలవాలి. వాళ్ల నాన్న టైపిస్టు అట.